తెగిన సింబాలిక్ లింకులు

యూనిక్స్ కుటుంబపు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో మరో ఫైలుకు లేదా ఫోల్డరుకు దారిని మాత్రమే దాచుకునే ప్రత్యేక ఫైలు సింబాలిక్ లింకు. 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీతో ఇది యూనిక్స్‌లో విస్తరించింది. అసలు ఫైలును తొలగించినా, పేరు మార్చినా, తరలించినా లింకు అలాగే మిగిలి ‘తెగిన లింకు’ అవుతుంది.

ఏరివేత: గ్నూ ఫైండ్ ఆదేశానికి ‘ఎక్స్‌టైప్ ఎల్’ షరతు జోడిస్తే తెగిన లింకుల జాబితా వస్తుంది. లింకులను ఏరివేసే స్క్రిప్టు ముందు ఆ జాబితానే చూపాలి, సరిచూసుకున్నాకే తొలగించాలి. బయటి డిస్కు మౌంట్ కాకపోతే అందులోని ఫైళ్లను చూపే మంచి లింకులు కూడా తెగినట్టే కనిపిస్తాయి. దారిని సరిదిద్ది లింకును మళ్లీ సృష్టించడం తరచూ తొలగింపు కన్నా మేలు.