విద్యాగణనలో హారం: మన్రో పట్టికల నుంచి కొల్లేటి సీమ దాకా

విద్యాపరిశోధనలో రెండు వర్గాల మధ్య కనిపించే అంతరం వాస్తవమా, లెక్కించిన తీరువల్ల ఏర్పడినదా అన్న ప్రశ్న తెలుగునాట కొత్తది కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్ 25న దేశీయ పాఠశాలల వివరాలు కోరినప్పటినుంచీ అది మన ముందున్నది. కలెక్టర్లు పంపిన పట్టికల్లో విద్యార్థులు బ్రాహ్మణ, వైశ్య, శూద్ర, ఇతర కులాలు, ముస్లింలు అన్న గడుల్లో, బాలబాలికలుగా విడివడి కనిపిస్తారు. వీధిబడి చరిత్రకు ఇంత విలువైన ఆధారం అరుదు. ధరంపాల్ 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ' గ్రంథంలో వీటిని ప్రచురించాక వాదోపవాదాలు పెరిగాయి గాని, హారాన్ని గురించిన చర్చ జరగవలసినంతగా జరగలేదు.

బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణకర్తగా మనకు పరిచితుడే. 1823 ఆగస్టులో ఆయన పంపిన నివేదిక ప్రకారం జిల్లా జనాభా 9,27,857, బడులు 533, విద్యార్థులు 6,641. మొత్తం జనాభాతో భాగిస్తే వెయ్యికి ఏడుగురే. ఆయన నివేదికలోని నిరాశకు ఇదే మూలం. మన్రో 1826 మార్చి 10న వేరే హారాన్ని ఎంచుకున్నాడు. రాజధాని జనాభా 1,28,50,941లో సగం పురుషులని, వారిలో తొమ్మిదోవంతు అయిదు నుంచి పదేళ్ల బాలురని భావించి 7,13,000 అన్న సంఖ్యకు వచ్చాడు. బడికి వెళ్లే బాలురు 1,84,110. అంటే నాలుగోవంతుకు కొంచెం పైన. ఇంటివద్ద చదివేవారిని కలిపితే అది మూడోవంతుకు చేరువవుతుందని ఆయన అంచనా. అదే కొలతను బళ్లారికి వర్తింపజేస్తే (కొద్దిమంది బాలికలు కలిసినా) ఫలితం 13 శాతానికి చేరువ అవుతుంది. విద్యార్థి ఒక్కడూ పెరగలేదు. హారం మారింది, అంతే. అయినా రాజధాని సగటులో బళ్లారి సగమే. ఆ అంతరం మాత్రం హారం మార్చినా చెరగదు.

కులాల గడులను చదవడం ఇంకా కష్టం. తమిళ జిల్లాల బడుల్లో శూద్ర విద్యార్థుల వాటా అధికం. తెలుగు జిల్లాల్లో బ్రాహ్మణ, వైశ్యుల వాటా ఎక్కువ. దీన్నిబట్టి తెలుగు శూద్రులకు చదువు అంతగా అందలేదని తేల్చడం తొందరపాటే. బడిలో ఒక కులం వాటా వేరు, ఆ కులపు పిల్లల్లో బడికెళ్లేవారి నిష్పత్తి వేరు. రెండోది తెలియాలంటే ప్రతి కులంలోనూ బడియీడు పిల్లలెందరో తెలియాలి.

కొల్లేటి సీమలో వర్గమే నిలకడగా లేదు. 1859లో మచిలీపట్నం, రాజమండ్రి జిల్లాలు కృష్ణా, గోదావరిగా పునర్వ్యవస్థీకృతమయ్యాయి. 1904లో ఏలూరు, భీమవరం తదితర తాలూకాలు కృష్ణాలో కలిశాయి. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో ఉండి పశ్చిమ గోదావరిలోనే మిగలగా, అప్పటిదాకా కృష్ణాలో ఉన్న కైకలూరు, మన్యపు బుట్టాయగూడెం ఏలూరు జిల్లాకు చేరాయి. మన్యం విడిపోయిన జిల్లాలో ఒక్కరూ కొత్తగా అక్షరాలు దిద్దకున్నా అక్షరాస్యతా శాతం పెరుగుతుంది. 2022కు ముందువెనుకల జిల్లా సగటులను టి-పరీక్షకు పెడితే 'సార్థక' అంతరం రావచ్చు. అది బడి ఘనతా, సరిహద్దు ఫలితమా అన్నది ఆ పరీక్ష చెప్పదు. మండలాన్ని యూనిట్‌గా తీసుకుంటే నేటి అంకెలను సరిచూసుకోవచ్చు. మన్రో పట్టికలకు ఆ వెసులుబాటు లేదు. అవి జిల్లా మొత్తాలు. ఉండి వీధిబడిలో ఎందరు కూర్చున్నారో వాటిలో లేదు.