సుడిని ఆపిన ఉక్కు పలకలు

పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో 1859 ఆగస్టులో, దాదాపు 70 అడుగుల లోతున చమురు పడింది. ఆ చుట్టుపక్కల వరసగా లేచిన బావుల్లో చమురుతోపాటు నీరూ గ్యాసూ పైకి వచ్చేవి. వాటిని విడదీయడమంటే చెక్క తొట్టెల్లో పోసి తేరనివ్వడమే. గ్యాస్ గాలిలో కలిసిపోయేది. తొట్టె అడుగున సుడి తిరిగినా అడిగే నాథుడు లేడు.

గ్యాస్‌కూ ధర పలికాక కథ మారింది. 1910ల నాటికి కాలిఫోర్నియాలో మిల్టన్ ట్రంబుల్ రూపొందించిన ‘గ్యాస్ ట్రాప్’ లాంటి మూసిన ఉక్కు పాత్రలు చమురు క్షేత్రాలకు చేరాయి. ఒత్తిడి నిండిన పాత్ర అది. పైన గ్యాస్, కింద ద్రవం, అడుగున బయటికి పోయే నాజిల్. ఇక్కడ సుడి పుడితే దాని నడుమ బోలు ఏర్పడి, పైనున్న గ్యాస్ ఆ దారినే నాజిల్‌లోకి దిగుతుంది. పంపులోకి చేరితే పంపు పట్టు తప్పి వణుకుతుంది. తక్కువ ఒత్తిడికి కట్టిన ట్యాంకులోకి చేరితే ప్రాణాలకే ముప్పు. లెవెల్ గేజ్ మాత్రం ద్రవం చాలినంత ఉందనే చూపిస్తుంటుంది. అసలు భయం అక్కడే ఉంది.

ఇంతకీ సుడి ఎందుకు పుడుతుంది? దీనికి చక్కని జవాబు 1962లో వచ్చింది. ఎంఐటీ ఆచార్యుడు ఆషర్ షపీరో ఆరడుగుల వెడల్పు, ఆరంగుళాల లోతు ఉన్న తొట్టెలో కావాలనే నీటిని సవ్యదిశలో తిప్పుతూ నింపారు. గంటా రెండు గంటల్లో అడుగు రంధ్రం తెరిస్తే నీరు ఆ సవ్యదిశలోనే తిరిగింది. 24 గంటలు కదలకుండా ఉంచి తెరిస్తేనే భూభ్రమణం గెలిచి, అపసవ్యంగా తిరిగింది. తనను ఎలా నింపారో నీరు అంత త్వరగా మరచిపోదు. అంతుపట్టనంత చిన్న భ్రమణం కూడా, రంధ్రానికి దగ్గరవుతున్నకొద్దీ వేగం పుంజుకుంటుంది.

చమురునూ గ్యాస్‌నూ విడదీసే ఆ ఉక్కు పాత్రకు, అంటే సెపరేటర్‌కు, 24 గంటల తీరిక ఎక్కడిది? తేలికపాటి చమురుకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ సూచించిన నిలవ కాలం ఒక్క నిమిషం. పైగా చాలా పాత్రల్లో ప్రవాహాన్ని కావాలనే గోడల వెంట తిప్పుతారు. అంటే అక్కడ సుడి పుట్టడం వింత కాదు, పుట్టకపోవడమే వింత.

సుడి బెడద చమురు పాత్రలకే పరిమితం కాదు. అదే 1962లో టెక్సస్‌లోని సౌత్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన నార్మన్ అబ్రామ్‌సన్ బృందం, రాకెట్ ఇంధన ట్యాంకుల్లో పుట్టే సుడి మీద నాసా కోసం ఒక నివేదిక రాసింది. సుడి ద్వారా గ్యాస్ ఇంజన్‌లోకి పోతే, ట్యాంకులో మిగిలిన ఇంధనం అక్కరకు రాదు. తరవాతి కాలంలో స్పేస్ షటిల్ బయటి ట్యాంకులోనూ సుడి నిరోధక పలకలు అమర్చారు. చమురు రంగంలో ఈ సమస్యను సూటిగా చర్చించిన వ్యాసాల్లో ఎఫ్. ఎం. పాటర్సన్‌ది ముఖ్యమైనది. 1969లో ‘ఆయిల్ అండ్ గ్యాస్ జర్నల్’లో అచ్చయిన ఆ వ్యాసం, ప్రాసెస్ పాత్రల్లో సుడిని ఆపవచ్చని పేరులోనే ప్రకటించింది.

ఆపే సాధనం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నాజిల్ నోటి మీద నిలువుగా, కూడిక గుర్తు ఆకారంలో నిలిపిన ఉక్కు పలకలు. వెడల్పు సాధారణంగా నాజిల్ వ్యాసానికి రెండింతలు. కొన్నిచోట్ల పైన మూత పలక ఉంటుంది, మరికొన్నిచోట్ల జాలీ ఉంటుంది. తిరిగే ద్రవం పలకలకు తగిలి భ్రమణం కోల్పోతుంది, బోలు ఏర్పడే చోటు దొరకదు. దీన్నే వోర్టెక్స్ బ్రేకర్ అంటారు. ఇది ఫలానా వారి సృష్టి అని ఏ ఒక్కరి పేరూ స్థిరపడలేదు. ఇంత మేలు చేసిన వస్తువుకు అది కొరతే.

పాత్ర తయారయ్యేటప్పుడే దీన్ని వెల్డ్ చేస్తే సులువు. విశాఖలో 1957లో కాల్‌టెక్స్ నెలకొల్పిన రిఫైనరీ లాంటి చోట్ల, దశాబ్దాలుగా నడుస్తున్న పాత పాత్రలో కొత్తగా అమర్చాలంటే షట్‌డౌన్ దాకా ఆగాలి. లోపలి గ్యాస్‌ను పూర్తిగా తొలగించి, ప్రాణవాయువు కొలిచి, బయట ఒక మనిషిని కాపలా ఉంచి మరీ మ్యాన్‌హోల్‌లోంచి దిగాలి. ఒత్తిడి పాత్ర గోడకు కొత్త వెల్డింగ్ పెడితే చాలా సందర్భాల్లో మళ్లీ ఉష్ణోపచారం చేసి, పరీక్షించాలి. అందుకే పలకలను మ్యాన్‌హోల్‌లో పట్టే ముక్కలుగా కోసి, లోపల బోల్టులతో బిగించే పద్ధతి వాడుకలోకి వచ్చింది.