మెదడు కాండం పక్షవాతం

మెదడు కాండం పక్షవాతం అనగా మెదడు కాండానికి రక్తసరఫరా ఆగిపోవడం వలన గాని, అక్కడి రక్తనాళం చిట్లడం వలన గాని కలిగే పక్షవాతం. వైద్యులు దీనిని బ్రెయిన్ స్టెమ్ స్ట్రోక్ అని వ్యవహరిస్తారు. మెదడును వెన్నుపాముతో కలిపే ఈ చిన్న భాగంలో మధ్యమెదడు, పాన్స్, మజ్జాముఖం ఉన్నాయి. శ్వాస, గుండె వేగం, మింగడం, కంటి కదలికలు, మెలకువ దీని అధీనంలో ఉంటాయి. కావున ఇక్కడ కలిగే చిన్న నష్టం కూడా ప్రాణాంతకం కావచ్చును.

కారణాలు

మెడలోని రెండు వెర్టిబ్రల్ ధమనులు కలిసి బేసిలార్ ధమనిగా ఏర్పడి మెదడు కాండానికి రక్తాన్ని అందిస్తాయి. అధిక రక్తపోటు, మధుమేహం, ధూమపానం, గుండె లయ తప్పడం వీటిలో అడ్డంకికి దారితీసే ముఖ్య కారణాలు.

లక్షణాలు

సాధారణ పక్షవాతంలో వలె మూతి వంకరపోవడం, ఒక వైపు చేయి, కాలు పడిపోవడం ఇందులో కనిపించకపోవచ్చును. హఠాత్తుగా తల తిరగడం, వాంతులు, ఒక వస్తువు రెండుగా కనబడడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, నడకలో తూలడం, స్పృహ తగ్గడం దీని లక్షణాలు. వీటిని పైత్యమనో, నీరసమనో భావించి విలువైన సమయాన్ని కోల్పోయే ప్రమాదం ఉంది.

పాన్స్ ముందుభాగం తీవ్రంగా దెబ్బతిన్న కొందరు కనురెప్పలు ఆర్పడం, కళ్ళను పైకి క్రిందికి కదపడం మాత్రమే చేయగలరు. వారికి స్పృహ, వినికిడి, అవగాహన ఉంటాయి. ఈ స్థితిని లాక్‌డ్-ఇన్ సిండ్రోమ్ అంటారు.

చికిత్స

రక్తస్రావం ఉన్నదీ లేనిదీ సీ.టీ. స్కాన్ ద్వారా తెలుస్తుంది. అయితే తొలి గంటలలో మెదడు కాండంలోని నష్టం అందులో కనబడకపోవచ్చును, అందుకు ఎం.ఆర్.ఐ. మేలైనది. రక్తస్రావం లేని, అర్హులైన రోగులకు గడ్డను కరిగించే మందును 4.5 గంటలలోపు ఇస్తారు. బేసిలార్ ధమని మూసుకుపోయినపుడు, తగిన రోగులలో 24 గంటల వరకు ధమని గుండా సన్నని గొట్టం పంపి గడ్డను తొలగిస్తారు. 2022లో ప్రచురితమైన రెండు చైనా పరిశోధనలు ఈ పద్ధతి ప్రయోజనాన్ని చూపాయి.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాలలో

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న, ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడినవి. మహబూబాబాదులో 2022లోను, మిగిలిన రెండు పట్టణాలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో వరంగల్‌లోని మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి, హైదరాబాదులోని నిమ్స్ ముఖ్యమైనవి. జనగామ ఈ రెండు నగరాల నడుమ జాతీయ రహదారిపై ఉంది. మహబూబాబాదు, భూపాలపల్లి వాసులకు దగ్గరి మహానగరం వరంగల్.

గడువును ఆసుపత్రికి చేరిన సమయం నుండి కాక, రోగి చివరిగా ఆరోగ్యంగా కనిపించిన సమయం నుండి లెక్కిస్తారు. కనుక ఆ సమయాన్ని వ్రాసి ఉంచుకొని, వెంటనే 108కు ఫోను చేసి పక్షవాతం అనుమానమని చెప్పాలి. సీ.టీ. స్కాన్, గడ్డను కరిగించే మందు, న్యూరాలజీ నిపుణుడు ఏ ఆసుపత్రిలో ఆ వేళ అందుబాటులో ఉన్నారో దారిలోనే విచారించడం మంచిది. దగ్గరలో ఉన్న ఆసుపత్రి కంటే, ఈ మూడూ ఉన్న ఆసుపత్రికి నేరుగా చేరడం అనేక సందర్భాలలో మేలు. శ్వాస కష్టమైనపుడు మాత్రం ముందుగా సమీప ఆసుపత్రికే తీసుకువెళ్ళాలి. మింగే శక్తి తగ్గి ఉండవచ్చును గనుక నీరు, పసరు మందు, మాత్రలు నోటి ద్వారా ఇవ్వరాదు.