‘గూల్’: ఎడారి నుండి శ్మశానానికి

అరబ్బీ గ్రంథాలను తెలుగు చేసేవారిని నిలబెట్టే మాటల్లో ‘గూల్’ ఒకటి. దయ్యమా, పిశాచమా, రాక్షసా? ఇంగ్లీషు ద్వారా అనువదించేవారికి ఈ తర్జనభర్జన లేదు. ‘శవాలను పీక్కుతినే పిశాచం’ అని రాసి సాగిపోతారు. చదువరి అది ముస్లిముల విశ్వాసమనుకుంటాడు.

అజ్ఞాన కాలపు అరబ్బులు భయపడిన గూల్ నివాసం ఎడారి. ఒంటరి బాటసారికి రకరకాల రూపాల్లో కనిపించి, నిప్పు చూపి ఆశపెట్టి, దారి తప్పించి చంపుతుందని వారి నమ్మకం. ఎన్ని రూపాలు మార్చినా కాళ్లు మాత్రం గాడిద కాళ్లేనని చెప్పుకొనేవారట. చరిత్రకారుడు మస్ఊదీ (మరణం క్రీ.శ. 956) తన ‘మురూజుజ్జహబ్’లో ఈ మాట నమోదు చేశాడు.

మహాప్రవక్త (స) అపశకునాలను తోసిపుచ్చిన హదీసులోనే గూల్‌నూ తోసిపుచ్చారు. ఇది సహీహ్ ముస్లింలో ఉన్నది. అయితే హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట ఖర్జూరాలు దొంగిలించిన గూల్ ప్రస్తావన తిర్మిజీలో వస్తుంది. రెంటినీ ఎలా పొసగించాలి? తోసిపుచ్చినది అసలు గూల్‌నేనని కొందరు ఉలమాలు, అది రూపం మార్చి దారి తప్పిస్తుందన్న నమ్మకాన్ని మాత్రమేనని మరికొందరు అన్నారు. ఇమామ్ నవవీ (మరణం 1277) రెండు మాటలూ పొందుపరిచారు.

నన్ను మరీ ఆకట్టుకొన్నది జాహిజ్ (మరణం హిజ్రీ 255, క్రీ.శ. 868-69) ‘కితాబుల్ హయవాన్’లో తన గురువు నజ్జామ్ పేర ఇచ్చిన వివరణ. నిర్జన ప్రదేశంలో చాలాకాలం ఒంటరిగా ఉన్నవాడికి చిన్న వస్తువు పెద్దదిగా కనిపిస్తుంది, లేని శబ్దం వినిపిస్తుంది. దాన్ని అతడు కవిత్వం చేస్తాడు. పిల్లలు ఆ కవిత్వంతో పెరుగుతారు. వారిలో ఒకడు చీకటి రాత్రి ఎడారిలో గుడ్లగూబ కూత వినగానే, తాను విన్నదంతా కళ్లారా చూస్తాడు. తిరిగివచ్చి చెబితే, వినేవాడూ అతడి వంటి బదూయే, కాదనేవారెవరు? పదకొండు వందల ఏళ్లకు పైబడిన విశ్లేషణ ఇది!

ఇక శ్మశానం ఎక్కడిది? ‘వెయ్యిన్నొక్క రాత్రులు’ను 1704-1717 మధ్య ఫ్రెంచిలో వెలువరించిన ఆంత్వాన్ గలాన్, 1709లో పారిస్‌లో హలబ్ వాసి హన్నా దియాబ్ నోట విన్న కథలు కొన్ని అందులో చేర్చాడు. సీదీ నూమాన్ కథ వాటిలో ఒకటి. అతడి భార్య అమీనా ఇంట్లో అన్నం మెతుకు మెతుకుగా ఏరుకు తింటుంది, రాత్రి శ్మశానంలో గూల్‌తో కలిసి శవాన్ని తింటుంది. ఈ కథకు గలాన్ కంటే పాత అరబ్బీ ప్రతి లేదు. 1786లో వచ్చిన బెక్‌ఫర్డ్ నవల ‘వాథెక్’ ఇంగ్లీషు పాఠకులకూ ఈ శ్మశానపు గూల్‌నే పరిచయం చేసింది.

మన పల్లెల్లో రాత్రిపూట నిప్పు చూపి దారి తప్పించే కొరివి దయ్యం పనిలో గూల్‌కు దగ్గరిదే. కానీ మన దయ్యం సాధారణంగా చచ్చిన మనిషి. గూల్ జిన్నుల జాతిది. కనుక కథల్లో ‘కొరివి దయ్యం’ అనే రాస్తాను. హదీసు అనువాదంలో మాత్రం ‘గూల్’ అనే ఉంచి, కింద రెండు వాక్యాల వివరణ ఇస్తాను.