1936లో వద్దన్న కథ 1941లో ఎందుకు ముద్దయింది?

బ్రిటిష్ సినిమాలో కార్మికులు మొదటినుంచీ ఉన్నారు. కాకపోతే ఎక్కువగా నౌకర్లుగా, నవ్వించే పాత్రలుగా. వాళ్ల బతుకే అసలు కథ అయితే ఏం జరిగిందో ఒక్క ఉదాహరణ చెప్తాను.

వాల్టర్ గ్రీన్‌వుడ్ శాల్ఫర్డ్ కార్మికవాడలో పుట్టాడు. పదమూడేళ్లకే బడి మానేశాడు. నిరుద్యోగాన్ని స్వయంగా అనుభవించి, 1933లో 'లవ్ ఆన్ ది డోల్' నవల తెచ్చాడు. డోల్ అంటే పని లేనివాళ్లకు సర్కారు ఇచ్చే భృతి. హార్డ్‌కాసిల్ ఇంట్లో తండ్రికీ పని లేదు, కొడుక్కీ లేదు. కూతురు శాలీ డబ్బున్న పందేల వ్యాపారికి లొంగితే గానీ వాళ్లకు ఉద్యోగాలు రావు. భృతి కోత మీద జనం ఊరేగింపు తీస్తే పోలీసులు లాఠీలతో విరుచుకుపడతారు.

నవలకు పేరొచ్చింది. నాటకం బాగా ఆడింది. సినిమా తీస్తామంటే మాత్రం 1936లో సెన్సారు బోర్డు ఒప్పుకోలేదు. పోలీసులతో జనం తలపడే దృశ్యాలు వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. పుస్తకం కొని చదివేవాళ్లు కొందరే. సినిమా హాలు నింపేది కార్మికులు. భయం అక్కడే ఉందని నా అభిప్రాయం.

పేదరికాన్ని చూపించడమే నిషిద్ధం కాదు. 1935 నాటి 'హౌసింగ్ ప్రాబ్లమ్స్' డాక్యుమెంటరీలో లండన్ మురికివాడల జనం కెమెరా ముందు నిలబడి తమ ఇళ్లలోని ఎలుకల గురించీ నల్లుల గురించీ స్వయంగా చెప్పారు. ఆ సినిమాకు డబ్బు పెట్టింది గ్యాస్ కంపెనీల సంఘం. అందులో దొరికే పరిష్కారం కొత్త ఫ్లాట్లు. అద్దె వసూలు చేసుకున్న ఇంటి యజమానుల్ని నిలదీసే గొంతు అందులో దాదాపు వినిపించదు.

తర్వాత యుద్ధం వచ్చింది. ఫ్యాక్టరీకీ సైన్యానికీ అదే కార్మికుడు కావాల్సివచ్చాడు. 1941లో జాన్ బాక్స్‌టర్ దర్శకత్వంలో 'లవ్ ఆన్ ది డోల్' విడుదలైంది. శాలీగా డెబొరా కెర్ నటించింది. నిరుద్యోగుల్ని ఇంకెప్పుడూ మర్చిపోకూడదంటూ మంత్రి ఎ.వి. అలెగ్జాండర్ పేరుతో చివర్లో ఒక సందేశం కూడా వేశారు. కథ అదే. మారింది పాలకుల అవసరం.

1960లో 'సాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్' వచ్చేసరికి తెరమీద కార్మికుడి గొంతు పెరిగింది. రాసిన అలన్ సిలిటో నాటింగ్‌హామ్ సైకిల్ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు.

'ఎవరు రాశారు?' అని సాహిత్యాన్ని అడగడం దళిత విమర్శ మనకు నేర్పింది. సినిమా దగ్గర ఇంకో రెండు అడగాలి. డబ్బు ఎవరిది? అనుమతి ఎవరిది, ఎప్పుడు, ఎందుకిచ్చారు?

వచ్చే భాగంలో బార్న్‌స్లీ గని ప్రాంతపు పిల్లవాడి కథ, 'కెస్'.