మట్టిలో మిరియాల డబ్బా

1992 నవంబరు 16. తూర్పు ఇంగ్లండులోని సఫక్ ప్రాంతం, హాక్సన్ అనే పల్లె. ఎరిక్ లాస్ వెంట మీరు పొలంలో నడుస్తున్నారు. ఆయన చేతిలో మెటల్ డిటెక్టర్. ఈ పొలం రైతు సుత్తి ఒకటి పోగొట్టుకున్నాడు, దాన్ని వెతకడానికే వచ్చారు.

డిటెక్టర్ చివరనున్న తీగచుట్ట నేలకు బెత్తెడు ఎత్తున అటూ ఇటూ కదులుతోంది. అందులోంచి అయస్కాంత క్షేత్రం మట్టిలోకి దిగుతుంది. కింద లోహం తగిలితే దానిలో కరెంటు సుళ్లు పుడతాయి. ఆ స్పందన పైకి కూతగా వినిపిస్తుంది. అక్కడ ఏదో లోహం ఉందని యంత్రం చెబుతుంది. అదేమిటో తేల్చాల్సింది మనుషులే.

కూత గట్టిగా వచ్చింది. మట్టి తీస్తే సుత్తి కాదు, వెండి నాణెం. తర్వాత ఇంకోటి. చెంచాలు, బంగారు గొలుసులు. తీసే కొద్దీ వస్తున్నాయి. రెండు సంచులు నిండాయి, గుంటలో ఇంకా మెరుస్తోంది. ఆ క్షణంలో తవ్వకుండా ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి! లాస్ తవ్వడం ఆపేశాడు. రైతుతో కలిసి అధికారులకు కబురు పెట్టాడు.

మర్నాడు పురావస్తు బృందం గుంట చుట్టూ మోకాళ్ల మీద కూర్చుంది. ఏ వస్తువు దేని మీద ఉందో, దేని పక్కన ఉందో రాసుకుంటూ ఒక్క రోజులో తవ్వకం ముగించారు. విడదీస్తే చెదిరిపోయే వాటిని మట్టిదిమ్మతో సహా పైకెత్తారు.

ఇప్పుడు లేబొరేటరీ బల్ల దగ్గరికి రండి. సుమారు 15,000 రోమన్ నాణేలు. వాటిలో చివరివి క్రీ.శ. 407–408 నాటివి, కాబట్టి ఈ సొమ్ము పాతిపెట్టింది ఆ తర్వాతే. చెక్క కుళ్లిపోయినా వస్తువుల అమరికను బట్టి ఓక్ పెట్టె ఒకటి ఉండేదని తేలింది. చిట్టి వెండి తాళాలు లోపలి చిన్న పెట్టెలవి. పొడవాటి వంకర ముక్కు పిట్ట ఆకారంలో సన్నని వెండి పరికరాలున్నాయి. ముక్కు పళ్లు కుట్టుకోవడానికి. రెండో కొసన ఉన్న బోలు గొట్టంలో కుంచెలాంటి కుచ్చు గుచ్చి ఉంచేవారు.

ఇక ఈ బొమ్మ చూడండి. పది సెంటీమీటర్లుంటుంది. అల్లిన జుట్టు, నగలు, అక్కడక్కడా బంగారు పూత ఉన్న వెండి స్త్రీమూర్తి. మొదట మహారాణి అనుకున్నారు. ఇప్పుడు ఎవరో సంపన్నురాలని భావిస్తున్నా, పాత పేరే నిలిచిపోయింది. తలకిందులు చేయండి. బోలుగా ఉంది, అడుగున తిరిగే బిళ్ల ఉంది. ఒకవైపు తిప్పితే మూసుకుంటుంది. ఇంకొంచెం తిప్పితే సన్నని రంధ్రాలు తెరుచుకుంటాయి, మరికాస్త తిప్పితే నింపడానికి పెద్ద సందు. పొడి చల్లే డబ్బా! ఇలాంటివి ఈ నిధిలో నాలుగున్నాయి.

ఏం పొడి? అపీషియస్ పేరుతో నిలిచిన రోమన్ వంటల పుస్తకంలో చాలా వంటకాల్లో మిరియం పడుతుంది. ఆ మిరియం యూరప్‌లో పండదు. మన పడమటి కనుమల తీగల నుంచి కోసి, కేరళ తీరంలో ఓడలకెక్కించి, అరేబియా సముద్రం, ఎర్ర సముద్రం దాటించి ఈజిప్టు మీదుగా తెచ్చుకునేవారు. వర్షాకాలపు గాలుల లెక్క తెలిసిన నావికులు, మిరియాలు ఎండబెట్టిన చేతులు, మధ్య దారి వర్తకులు అందరూ ఈ డబ్బా వెనుక ఉన్నారు.

దొరికిన వస్తువును గుర్తించడమంటే దాని పేరు చెప్పడంతో అయిపోదు. అది ఎలా పనిచేసేదో, దేని పక్కన ఉండేదో, ఎవరు ఎంత దూరం నుంచి తెచ్చి నింపేవారో చెప్పగలగాలి. లాస్ ఆ గుంటను తానే ఖాళీ చేసి ఉంటే వెండి బరువు మిగిలేది, పెట్టె అమరిక పోయేది. మీ పొలంలోనో పునాదిలోనో వింత వస్తువు బయటపడితే మీరు కూడా అలాగే ఆగండి. దొరికిన చోటును గుర్తుపెట్టుకోండి, తోమకండి, తెలిసినవాళ్లను పిలవండి.