రెండు గంటలకోసారి

1917లో లుడ్విగ్ గుట్‌మన్‌కి పద్దెనిమిదేళ్ల ప్రాయం. అప్పటి జర్మనీలోని గని ఊరు కోనిగ్స్‌హ్యూటె ఆసుపత్రిలో సాయం చేసేవాడు. ఒకరోజు బొగ్గుగనిలో వెన్ను విరిగిన కార్మికుణ్ణి మోసుకొచ్చారు. మనిషి చూడబోతే కొండలా ఉన్నాడు. ఇతని గురించి ఎక్కువ రాసుకోకు, కొన్ని వారాల్లో పోతాడన్నారు పెద్దవాళ్లు. ఐదు వారాలకే పోయాడు.

ఆ తీర్పు వేల ఏళ్ల నాటిది. మెడపూస తప్పి కాళ్లూ చేతులూ చచ్చుబడితే వైద్యం లేదని క్రీ.పూ. 1600 నాటి ఈజిప్టు రాతప్రతి, ఎడ్విన్ స్మిత్ పపైరస్, ఎప్పుడో తేల్చేసింది. గ్రీకులు రోగిని నిచ్చెనకు కట్టి పైనుంచి కుదేసేవారు. అది జనాన్ని నోరెళ్లబెట్టించే తమాషా అని హిప్పోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథమే ఈసడించుకుంది.

అసలు విరిగేది పూస. చాలావరకు అతుక్కుంటుంది కూడా. లోపలున్న వెన్నుపాము నలిగిందా, చిక్కంతా అక్కడే. ఒంటికి స్పర్శ పోతుంది. ఒకే పక్కన పడుకున్నా నొప్పి తెలియదు కాబట్టి మనిషి ఒత్తిగిలడు. పిరుదుల దగ్గరా మడమల దగ్గరా చర్మం నల్లబడి, కుళ్లి, ఎముక దాకా పుండు పడుతుంది. మూత్రం నిలిచిపోయి చీము కిడ్నీలకెక్కుతుంది. ప్రాణం తీసేవి ఇవే, విరిగిన ఎముక కాదు.

నాజీల బారి నుంచి 1939లో ఇంగ్లండు చేరిన యూదు వైద్యుడు గుట్‌మన్‌కి 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్ను దెబ్బతిన్నవాళ్ల వార్డు అప్పజెప్పారు. ఆయన ముందు రోగుల సిమెంటు కట్లు విప్పించాడు, వాటి కిందే పుండ్లు పడుతున్నాయని. విరిగినచోట ఎత్తుగా దిండ్లు పెట్టించాడు. రాత్రనకా పగలనకా రెండు గంటలకోసారి ప్రతి మనిషినీ పక్కకు తిప్పాల్సిందే. చూడ్డానికి ఇది వైద్యంలా కూడా అనిపించదు, పసిపిల్లను సాకినట్టుంటుంది. కానీ మనుషులు బతికారు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, అక్కడ 16 మంది చక్రాల కుర్చీల్లో కూర్చుని విలువిద్య పోటీకి దిగారు. పారాలింపిక్స్‌కి మొలక అదే.

ఆపరేషన్లూ మెరుగయ్యాయి. పోలియోతో వెన్ను వంకరపోయిన పిల్లల కోసం హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ అనే సర్జన్ తయారుచేసిన ఉక్కు కడ్డీలు తర్వాత విరిగిన వెన్నుకూ ఎక్కాయి. దాంతో నెలల తరబడి మంచం పట్టే అవస్థ తగ్గింది.

చిత్తూరువాళ్లు పెద్ద జబ్బంటే పరుగెత్తే వేలూరు ఆసుపత్రిలో పనిచేసే మేరీ వర్ఘీస్ అనే యువ వైద్యురాలికి 1954లో కారు ప్రమాదంలో నడుము కింద భాగం చచ్చుబడింది. కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్ కూర్చునే చేయొచ్చని సర్జన్ పాల్ బ్రాండ్ దారి చూపాడు. ఆమె చక్రాల కుర్చీలోంచే కత్తి పట్టింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరిచినప్పుడు పునరావాస విభాగానికి అధిపతి ఆవిడే.